ఎడిటర్‌లో కొత్త టెర్మినల్ తెరుచుకోనప్పుడు: లిమిట్ పెంచేముందు చూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రాయదుర్గంలో ఆఫీసు, కంపెనీ ఇచ్చిన మ్యాక్ లాప్‌టాప్. సాయంత్రం మూత వేసి బ్యాగులో పెట్టుకుని మెట్రో ఎక్కుతారు, పొద్దున మళ్ళీ మూత తీసి పనిలో కూర్చుంటారు. ఎడిటర్‌ని మూయడమంటూ ఉండదు. వారం పది రోజులకోసారి కొత్త టెర్మినల్ తెరవబోతే "ఫోర్క్‌పీటీవై: డివైస్ నాట్ కాన్ఫిగర్డ్" అని వస్తోంది. ఆ సమయంలో మ్యాక్‌లో ఉండే మామూలు టెర్మినల్ యాప్ కూడా తెరుచుకోవడం లేదు. ఎడిటర్‌ని పూర్తిగా మూసి తెరిస్తే అంతా సర్దుకుంటోంది. టీంలో ఉబుంటు వాడేవాళ్ళకి ఈ బాధ లేదు. ఆఫీసులో టెస్టులు రన్ చేయడానికి సొంతంగా రాసుకున్న ఎక్స్‌టెన్షన్ ఒకటుంది. సీనియర్ ఒకాయన లిమిట్ పెంచమన్నారు, ఐటీ వాళ్ళు లాప్‌టాప్ ఫార్మాట్ చేస్తామంటున్నారు. ఏది చేయాలి అని.

రెండూ ఇప్పుడే చేయకండి. ఫార్మాట్ చేస్తే మీ సెటప్ అంతా పోతుంది, మళ్ళీ అన్నీ ఇన్‌స్టాల్ చేసుకుని పనిలో పడ్డాక ఇదే ఎర్రర్ తిరిగొస్తుంది, ఎందుకంటే తప్పు డిస్కులో లేదు. లిమిట్ పెంచితే ఎర్రర్ వచ్చే రోజు కాస్త వెనక్కి జరుగుతుంది, అంతే. టెర్మినల్‌ని ఎవరు తెరుస్తున్నారు, తెరిచి మూయకుండా ఎవరు వదిలేస్తున్నారు అన్నది తేల్చాలి. దానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, ఒక కమాండూ కాస్త ఓపికా చాలు.

టెర్మినల్ తెరిచినప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. ఎడిటర్ కెర్నల్‌ని, అంటే ఓఎస్ గుండెకాయని, ఒక సూడో టెర్మినల్ (నిజం టెర్మినల్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్ జత) అడుగుతుంది. కెర్నల్ రెండు కొసలున్న జతని ఇస్తుంది. ఒక కొస పేరు మాస్టర్, అది ఎడిటర్ దగ్గర ఉంటుంది. రెండోది స్లేవ్, అది షెల్‌కి, అంటే మీ కమాండ్లు అందుకుని నడిపే జెడ్‌షెల్‌కో బ్యాష్‌కో, చేరుతుంది. అమీర్‌పేటలో లినక్స్ కోర్సు చేసినవాళ్ళని ఎవరినడిగినా 0 ఇన్‌పుట్, 1 అవుట్‌పుట్, 2 ఎర్రర్ అని నిద్రలో కూడా చెబుతారు. ఆ మూడు నంబర్లూ షెల్ వైపు ఈ స్లేవ్ కొసకే కట్టి ఉంటాయి. ఎడిటర్ వైపు మాస్టర్‌కి కూడా అలాంటి నంబరే ఒకటి ఉంటుంది. దాన్నే ఫైల్ డిస్క్రిప్టర్ అంటాం. మీరు కొట్టిన అక్షరాన్ని ఎడిటర్ మాస్టర్‌లో రాస్తుంది, స్లేవ్ వైపు షెల్ చదువుకుంటుంది. షెల్ రాసింది తిరిగి మాస్టర్ దగ్గర బయటికొస్తుంది. టెర్మినల్ మూసేటప్పుడు ఎడిటర్ ఆ నంబరుని క్లోజ్ చేయాలి. చేయకపోతే తెరమీద ట్యాబ్ మాయమైనా కెర్నల్ లెక్కలో ఆ జత వాడుకలోనే ఉంటుంది. లాప్‌టాప్ మూత వేస్తే ప్రాసెస్‌లు ఆగుతాయి గానీ పోవు, కాబట్టి సోమవారం మిగిలిపోయిన మాస్టర్ పై వారం దాకా అలాగే ఉండిపోతుంది. ప్రాసెస్ పూర్తిగా ముగిసినప్పుడు మాత్రం దాని డిస్క్రిప్టర్లన్నిటినీ కెర్నల్ తానే మూసేస్తుంది. ఎడిటర్ మూసి తెరిస్తే మీకు నయమైపోవడానికి కారణం ఇదే.

మీరు ఇచ్చిన వివరాల్లో చాలా విలువైనది మామూలు టెర్మినల్ యాప్ కూడా తెరుచుకోలేదన్న మాట. ఇక్కడ రెండు వేర్వేరు పరిమితులుంటాయి, వాటిని కలిపేసుకోవడం వల్లే చాలామంది రోజుల తరబడి తిరుగుతారు. మొదటిది ఒక్కో ప్రాసెస్‌కి ఉండే డిస్క్రిప్టర్ల పరిమితి. అది నిండితే 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్' అని ఆ ప్రాసెస్ ఒక్కటే ఏడుస్తుంది, పక్క యాప్‌లు హాయిగా నడుస్తాయి. రెండోది సూడో టెర్మినళ్ళకి సిస్టమ్ మొత్తానికి కలిపి ఉండే పరిమితి. మ్యాక్‌లో అది మామూలుగా 511. ఒక్క ఎడిటర్ అన్నిటినీ పట్టుకుని కూర్చుంటే మిగతా ఏ యాప్‌కీ టెర్మినల్ దొరకదు. మీకొచ్చింది ఈ రెండోది. లినక్స్‌లో ఇదే పరిమితి మామూలుగా 4096 ఉంటుంది. అంటే మీ ఉబుంటు స్నేహితుల దగ్గర లీక్ (తెరిచినవి మూయకుండా పోగుపడటం) లేదని అనుకోవడానికి లేదు, ఇంకా అంతదాకా చేరి ఉండకపోవచ్చు. ఒకవేళ వాళ్ళకి వస్తే ముందుగా ప్రాసెస్ పరిమితి తగిలే అవకాశమే ఎక్కువ, అక్కడ సాఫ్ట్ లిమిట్ (ప్రస్తుతం అమల్లో ఉండే పరిమితి) తరచుగా 1024 దగ్గరే ఉంటుంది. అప్పుడు ఎర్రర్ మాటలు వేరుగా ఉంటాయి కాబట్టి అదే జబ్బని ఎవరికీ తట్టదు.

లినక్స్ వాళ్ళకోసం ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెబుతాను. ఫైళ్ళ మార్పులు గమనించే ఐనోటిఫై అనే వ్యవస్థకి ఒక యూజర్‌కి ఇన్ని ఇన్‌స్టాన్స్‌లే అని వేరే పరిమితి ఉంది, చాలా మెషిన్లలో 128. అది నిండినా 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్' అనే వస్తుంది. డిస్క్రిప్టర్లు లెక్కపెడితే పట్టుమని వంద కూడా లేకుండా ఈ ఎర్రర్ వస్తుంటే అటు చూడాలి, టెర్మినళ్ళ వైపు వెతికితే ఏమీ దొరకదు.

ఇప్పుడు అసలు పని. ఈసారి ఎర్రర్ వచ్చినప్పుడు వెంటనే ఎడిటర్‌ని మూయకండి. మూస్తే సాక్ష్యం అంతా పోతుంది. ఎడిటర్‌లో ముందే తెరిచి ఉన్న ఏదో ఒక టెర్మినల్ పనిచేస్తూనే ఉంటుంది, అందులోంచే చూడొచ్చు. అదీ లేకపోతే యాక్టివిటీ మానిటర్‌లో ఆ ప్రాసెస్ మీద డబుల్ క్లిక్ చేస్తే 'ఓపెన్ ఫైల్స్ అండ్ పోర్ట్స్' అనే ట్యాబ్ కనిపిస్తుంది, అందులోదంతా కాపీ చేసి దాచుకోండి. ఏ ప్రాసెస్ అన్నది కూడా ముఖ్యమే. చాలా ఎడిటర్లు ఇప్పుడు ఒక ప్రాసెస్ కావు: విండోకొకటి, ఎక్స్‌టెన్షన్లకొకటి, కోడ్‌లో సూచనలూ తప్పులూ చూపించే లాంగ్వేజ్ సర్వర్‌కొకటి. వీఎస్ కోడ్‌లో అయితే టెర్మినళ్ళని చూసుకోవడానికే పీటీవై హోస్ట్ అని వేరే ప్రాసెస్ ఉంటుంది. మెయిన్ ప్రాసెస్ నంబరు పట్టుకుని చూసి 'ఏమీ లేదే' అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

ప్రాసెస్ నంబరు దొరికాక, తెరిచి ఉన్న ఫైళ్ళ జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌ఓఎఫ్ (lsof) కమాండ్‌కి మైనస్ పీ ఇచ్చి ఆ నంబరు జోడించండి. వచ్చిన జాబితాలో పీటీఎంఎక్స్ (ptmx) అన్న పేరున్న వరుసలు మాత్రం గ్రెప్‌తో ఏరండి. మాస్టర్ కొసలన్నీ అవే. ఒక్కో వరుసలో ఎఫ్‌డీ కాలమ్ కింద 47యూ లాంటిది కనిపిస్తుంది. 47 డిస్క్రిప్టర్ నంబరు, యూ అంటే చదవడానికీ రాయడానికీ తెరిచారని. డివైస్ కాలమ్‌లో 15 కామా 7 లాంటి జత ఉంటుంది. ఆ కామా తర్వాతి అంకెని జాగ్రత్తగా చూడండి. మ్యాక్‌లో అది టెర్మినల్ నంబరు: 7 అయితే అవతలి కొస టీటీవైఎస్007. ఇప్పుడు పీఎస్ కమాండ్‌తో అన్ని ప్రాసెస్‌లనీ, వాటి టీటీవై కాలమ్‌తో సహా తీయండి. టీటీవైఎస్007 మీద జెడ్‌షెల్ ఏదైనా బతికి ఉందా లేదా అన్నది తేలిపోతుంది.

ఈ ఒక్క పోలికతో సగం కేసు విడిపోతుంది. మాస్టర్లు మీకు కనిపించే ట్యాబ్‌ల కంటే చాలా ఎక్కువగా ఉండి, ప్రతి మాస్టర్‌కీ అవతల ఒక షెల్ బతికే ఉంటే, ఎడిటర్ కోర్‌లో తప్పు ఉండకపోవచ్చు. ఎవరో టెర్మినళ్ళు తెరిచి, కనబడకుండా దాచి, వదిలేశారు. మీ ఆఫీసు ఎక్స్‌టెన్షన్ మీద నాకున్న అనుమానం ఇదే. వీఎస్ కోడ్ తరహా ఎక్స్‌టెన్షన్లలో టెర్మినల్ ఆబ్జెక్ట్‌కి హైడ్ అని ఒకటి, డిస్పోజ్ అని ఒకటి ఉంటాయి. హైడ్ పిలిస్తే ప్యానెల్ కనబడదు, షెల్ మాత్రం అలాగే ఉంటుంది. ప్రతి టెస్ట్ రన్‌కీ కొత్త టెర్మినల్ సృష్టించి, రన్ అయ్యాక హైడ్ చేసి ఊరుకుంటే రోజుకి ఎన్ని రన్‌లో అన్ని షెల్‌లు మిగులుతాయి. కోడ్ తెరిచి ఆ రెండు పదాలూ వెతకండి.

అలా కాకుండా మాస్టర్లు వందల్లో ఉండి అవతల షెల్‌లు గుప్పెడే ఉంటే అది అసలైన డిస్క్రిప్టర్ లీక్. షెల్ వెళ్ళిపోయింది, ఎడిటర్ తన కొస వదల్లేదు. ఇది ఎడిటర్ రాసేవాళ్ళు సరిచేయాల్సింది. వాడని మెమరీని తానే ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది కదా అన్న ధీమా ఇలాంటిచోట పనికిరాదు. డిస్క్రిప్టర్ కెర్నల్ దగ్గరుండే వస్తువు. జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్‌ని ఏదో ఒక ఈవెంట్ లిజనర్ ఇంకా పట్టుకుని ఉంటే కలెక్టర్ దాన్ని ముట్టుకోదు. ఎవరూ పట్టుకోకపోయినా, మెమరీ ఒత్తిడి లేనంతసేపు కలెక్టర్‌కి తొందరేమీ ఉండదు. స్పష్టంగా క్లోజ్ అని పిలిచే లైన్ ప్రతి దారిలోనూ ఉండి తీరాలి. మామూలుగా మరిచిపోయే దారి ఎర్రర్ దారే: జత తీసుకున్నారు, షెల్ పాత్ తప్పుగా ఉండి స్టార్ట్ కాలేదు, ఎక్సెప్షన్ విసిరారు, మాస్టర్ చేతిలోనే మిగిలిపోయింది.

మూడో రకం ఉంది, దీన్ని పట్టుకోవడం కష్టం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఎడిటర్ ప్రాసెస్‌లో వెతికితే అన్నీ సరిగ్గా ఉంటాయి, అయినా సిస్టమ్ లెక్క పెరుగుతుంటుంది. అప్పుడు ఎల్‌ఎస్‌ఓఎఫ్‌ని ఒక ప్రాసెస్‌కి పరిమితం చేయకుండా మొత్తానికి నడిపి పీటీఎంఎక్స్ వెతకండి. టెర్మినల్‌తో ఏ సంబంధమూ లేని లాంగ్వేజ్ సర్వరో, ఏదో ఫార్మాటరో మాస్టర్ కొసని పట్టుకుని కనిపిస్తే దొంగ దొరికినట్టే. యూనిక్స్‌లో ఫోర్క్ చేసినప్పుడు, అంటే ఒక ప్రాసెస్ తన నకలుగా ఇంకోదాన్ని పుట్టించినప్పుడు, పిల్ల ప్రాసెస్‌కి తల్లి దగ్గరున్న డిస్క్రిప్టర్లన్నీ కాపీగా వస్తాయి. ఎగ్జెక్ (ఆ పిల్ల వేరే ప్రోగ్రాంగా మారడం) తర్వాత కూడా అవి పోవు, క్లోజ్ ఆన్ ఎగ్జెక్ అన్న గుర్తు పెట్టి ఉంటే తప్ప. ఎస్సార్ నగర్ హాస్టల్‌లో గది ఖాళీ చేసి తాళంచెవి ఇచ్చేసినా, డూప్లికేట్ తాళంచెవి వేరేవాళ్ళ దగ్గర ఉన్నంతకాలం వార్డెన్ ఆ గదిని ఇంకొకరికి ఇవ్వడు. ఇక్కడ కెర్నల్ కూడా అంతే. ఎడిటర్ తన కొస మూసినా కాపీ తెరిచే ఉంది కాబట్టి మాస్టర్ మూతపడలేదు, టెర్మినల్ పోయిందని షెల్‌కి చెప్పే హ్యాంగప్ సిగ్నల్ కూడా రాదు.

గుర్తు పెట్టడం మరిచిపోవడం ఒక్కటే సమస్య కాదు. పెట్టినా ఆలస్యంగా పెడితే ప్రమాదమే. ఒక థ్రెడ్ మాస్టర్ తెరిచింది, మరుక్షణంలో ఎఫ్‌సీఎన్‌టీఎల్ అనే కాల్‌తో గుర్తు పెట్టబోతోంది. సరిగ్గా ఆ మధ్యలో ఇంకో థ్రెడ్ గిట్‌ని స్టార్ట్ చేసింది. గిట్ చేతికి కాపీ వెళ్ళిపోయింది. గిట్ అయితే క్షణంలో ముగుస్తుంది, బాధ లేదు. ఆ స్థానంలో రోజంతా నడిచే లాంగ్వేజ్ సర్వర్ ఉంటే కాపీ రోజంతా ఉంటుంది. ఈ సందు మూయడానికే లినక్స్ 2.6.23లో, 2007లో, ఫైల్ తెరిచేటప్పుడే ఆ గుర్తుని జోడించే వీలు పెట్టారు. పైథాన్ వాళ్ళు 3.4 వెర్షన్ నుంచి, అంటే 2014 నుంచి, కొత్తగా తెరిచే డిస్క్రిప్టర్లు పిల్లలకి చేరకూడదన్నదే డిఫాల్ట్‌గా మార్చేశారు. 2020లో వచ్చిన లినక్స్ 5.9లో క్లోజ్ రేంజ్ అనే కొత్త సిస్టమ్ కాల్ చేరింది, ఎగ్జెక్‌కి ముందు ఫలానా నంబరు నుంచి పైవన్నీ ఒక్క దెబ్బకి మూసేయొచ్చు. ఇన్నేళ్ళుగా ఇన్ని చోట్ల దీనికోసం మార్పులు చేశారంటే ఇది ఎంతమందిని ఏడిపించి ఉంటుందో అర్థమవుతుంది. ఇలాంటి లీక్‌ని 'అప్పుడప్పుడు వస్తోంది, మళ్ళీ చేస్తే రావడం లేదు' అని మూసేసిన బగ్‌లు చూస్తే నాకు బాధ కలుగుతుంది. టైమింగ్ మీద ఆధారపడ్డది అలాగే వస్తుంది మరి.

లినక్స్‌లో ఎడిటర్ తప్పు లేకుండానే కనిపించే రకం కూడా ఒకటుంది. టెర్మినల్‌లో డెవ్ సర్వర్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలి ఎగ్జిట్ కొడతారు. షెల్ పోయింది గానీ ఆ సర్వర్ చేతిలో స్లేవ్ కొస ఇంకా ఉంది. స్లేవ్‌ని పట్టుకున్నవాళ్ళంతా వదిలాకే మాస్టర్ వైపు చదివేవాళ్ళకి అయిపోయిందన్న సంగతి తెలుస్తుంది. ఎడిటర్ దానికోసం ఎదురుచూస్తూ ఉండిపోతే మాస్టర్ మూతపడదు. అవుట్‌పుట్‌తో పాటు ఇన్‌పుట్‌నీ ఎర్రర్‌నీ కూడా వేరే చోటికి మళ్ళించి వదిలితే ఈ గొడవ రాదు.

ఏ రకమో తెలిశాక, ఏ దారిలో లీక్ అవుతోందో పట్టుకోవాలి. ఎడిటర్‌ని ఫ్రెష్‌గా తెరిచి, ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేసి, పీటీఎంఎక్స్ వరుసల లెక్క రాసుకోండి. పది టెర్మినళ్ళు తెరిచి, అన్నిట్లోనూ ఎగ్జిట్ కొట్టి మూసి మళ్ళీ లెక్కపెట్టండి. మొదటి అంకెకి తిరిగి వస్తే ఆ దారి శుభ్రంగా ఉంది. ఇప్పుడు అదే పదిటిని చెత్తబుట్ట బొమ్మ నొక్కి మూయండి. తర్వాత విండో రీలోడ్ చేసి చూడండి. టాస్క్‌గా రన్ చేసి ముగిశాక చూడండి. షెల్ పాత్‌లో కావాలని లేని ఫైల్ పేరు ఇచ్చి తెరవబోయి చూడండి. ఒక్కో దారిని వేరువేరుగా, పదేసి సార్లు. పదికి పది మిగిలితే ఆ దారిలో క్లోజ్ అసలు లేదు. పదికి ఒకటో రెండో మిగిలితే పైన చెప్పిన టైమింగ్ గొడవ అని అనుమానించండి. ఆ తర్వాత మీ ఆఫీసు ఎక్స్‌టెన్షన్ ఒక్కదాన్నే ఆన్ చేసి టెస్టులు రన్ చేయండి. అంకె ఎంత ఉందన్నది కాదు, మూసిన తర్వాత కిందికి దిగుతోందా లేదా అన్నదే చూడాలి. పని ఎక్కువున్న రోజున ముప్పై టెర్మినళ్ళు ఉండటం జబ్బు కాదు.

ఇంకో చిన్న గుర్తు. కెర్నల్ కొత్త డిస్క్రిప్టర్ ఇచ్చేటప్పుడు ఖాళీగా ఉన్న అన్నిటికంటే చిన్న నంబరే ఇస్తుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న ప్రాసెస్‌లో ఇప్పుడే తెరిచిన టెర్మినల్‌కి ఏ 40నో 60నో వస్తుంది. బుధవారం 60, శుక్రవారం 180, సోమవారం 340 అని కనిపిస్తే, వరుసలు లెక్కపెట్టకుండానే కింది నంబర్లేవీ ఖాళీ కావడం లేదని తెలుస్తుంది.

ఇవన్నీ ఈమధ్యే ఎందుకు ఎక్కువయ్యాయని మీరు చివర్లో అడిగారు. మీ ఎడిటర్‌లో కోడ్ రాసిపెట్టే ఏఐ ఏజెంట్ వాడుతున్నారా? అవి ప్రతి చిన్న కమాండ్‌కీ టెర్మినల్ తెరిచే పద్ధతిలో ఉంటే, మనిషి రోజంతా తెరిచేన్ని టెర్మినళ్ళు ఒక్క గంటలో తెరుచుకుంటాయి. చేత్తో పనిచేసే రోజుల్లో నెలలు పట్టే లీక్ ఇప్పుడు వారంలో బయటపడుతుంది. లీక్ పాతదే, వేగం కొత్తది. పైన చెప్పిన పరీక్షల్లో దాన్ని కూడా ఒక దారిగా కలుపుకోండి.

లిమిట్ సంగతికొస్తే, మీ సీనియర్ చెప్పింది పూర్తిగా తప్పనను. రేపు డెమో ఉంది, టెన్షన్‌గా ఉంది అంటే సిస్‌సీటీఎల్ కమాండ్‌తో కెర్న్ డాట్ టీటీవై డాట్ పీటీఎంఎక్స్ అండర్‌స్కోర్ మ్యాక్స్ విలువని 999కి పెంచుకోండి, ఆ వారం గడుస్తుంది. యూలిమిట్ మాత్రం మీ కేసులో ఉపయోగపడదు, అది ప్రాసెస్ పరిమితి. పైగా షెల్‌లో యూలిమిట్ కొడితే మ్యాక్‌లో కనిపించే 256 ఆ షెల్‌ది, ఎడిటర్‌ది కాదు. లినక్స్ వాళ్ళు ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబరు ఫోల్డరులో లిమిట్స్ అన్న ఫైల్ చూస్తే దానికి నిజంగా ఎంత ఉందో తెలుస్తుంది. ఆ ప్రాసెస్ పరిమితిని ఇష్టమొచ్చినట్టు పెంచకూడదనడానికీ ఒక కారణం ఉంది: సెలెక్ట్ అనే పాత కాల్ వాడే ప్రోగ్రాములు మామూలుగా 1024 కంటే కింది నంబర్లనే పట్టించుకోగలవు. అంతకు మించిన నంబరు చేతికొస్తే మెమరీ చెడిపోయి ఎక్కడో సంబంధం లేనిచోట కూలిపోతాయి. లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ వాళ్ళు 2018లో 240 వెర్షన్‌లో హార్డ్ లిమిట్‌ని (సాఫ్ట్ లిమిట్‌ని ఎంతదాకా పెంచుకోవచ్చో ఆ గరిష్ఠాన్ని) 524288కి పెంచి కూడా సాఫ్ట్ లిమిట్‌ని 1024 దగ్గరే ఉంచింది అందుకే.

ఐటీ వాళ్ళకి 'ఫార్మాట్ వద్దు, ఇది యాప్ లీక్' అని చెప్పి, ఎల్‌ఎస్‌ఓఎఫ్ జాబితా టికెట్‌కి జతచేయండి. వాళ్ళు అది చూస్తే ఒప్పుకుంటారు. పరీక్షలో మీ ఎక్స్‌టెన్షన్ దొరికితే డిస్పోజ్ పిలిచే లైన్ మీరే పెట్టేయొచ్చు, లేదా ఒకే టెర్మినల్‌ని మళ్ళీమళ్ళీ వాడేలా మార్చొచ్చు. ఎడిటరే దొరికితే వాళ్ళ బగ్ ట్రాకర్‌లో ముందు పీటీఎంఎక్స్ అని వెతకండి, ఇప్పటికే ఎవరో రాసి ఉండొచ్చు. లేకపోతే కొత్తది రాయండి: ఎడిటర్ వెర్షన్, ఓఎస్ వెర్షన్, ఎక్స్‌టెన్షన్లు ఆపి చేశారన్న మాట, ఏ దారిలో పది తెరిచి మూస్తే లెక్క ఎంత నుంచి ఎంతకి వెళ్ళింది, ఏ ప్రాసెస్ పట్టుకుని ఉంది. ఇంతే చాలు. "కొన్నాళ్ళకి టెర్మినల్ పనిచేయడం లేదు" అని రాస్తే అవతలివాళ్ళు ఏమీ చేయలేరు. "షెల్ పాత్ తప్పుగా ఇచ్చి పది సార్లు తెరవబోతే పీటీఎంఎక్స్ 6 నుంచి 16 అయింది, తగ్గలేదు" అని రాస్తే, ఆ కోడ్ తెలిసినవాళ్ళు ఏ ఫంక్షన్‌కి వెళ్ళాలో చదువుతుండగానే పోల్చుకుంటారు.

అది సరయ్యేదాకా శుక్రవారం సాయంత్రం మూత వేసేముందు ఎడిటర్‌ని ఒకసారి పూర్తిగా క్విట్ చేయండి. విండో మూస్తే సరిపోదు, మ్యాక్‌లో విండో మూసినా యాప్ నడుస్తూనే ఉంటుంది. ఆ తర్వాత కూడా మూడో రకంలో చెప్పినట్టు ఏదైనా లాంగ్వేజ్ సర్వర్ అనాథగా మిగిలి మాస్టర్లని పట్టుకుని ఉందేమో మొత్తం ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో చూసి, ఉంటే దాన్ని కూడా ఆపేయండి.